దార్సైట్ కార్యదర్శి గారికి కొన్ని పనికొచ్చే సలహాలు

కార్యదర్శి గారూ,

పోటీ లేకుండా ఎన్నికయ్యారట, సంతోషం. పోటీ ఎందుకు రాలేదో ఆరా తీయకండి. మీ మంచితనం చూసి అందరూ తప్పుకున్నారనుకోండి. సంఘసేవకు మొదటి అర్హత ఇలా అనుకోగలగడమే.

దార్సైట్ ఊరేమిటండీ, మస్కట్‌లో ఓ పేట కదా అనేవాళ్లుంటారు. పట్టించుకోకండి. రూవీకీ మత్రాకీ దగ్గర్లో, రాళ్లగుట్టల మధ్య ఇరుక్కున్న ఈ కాస్త జాగాలో మన పల్లెలో ఉండేవన్నీ ఉన్నాయి. కృష్ణుడి గుడి ఉంది. ఇండియన్ స్కూలు ఉంది. సంతకు బదులు లులు హైపర్‌మార్కెట్ ఉంది. రచ్చబండకు బదులు ఇండియన్ సోషల్ క్లబ్బు ఉంది. మలయాళీలకూ తమిళులకూ ఉన్నట్టే తెలుగువాళ్లకూ అందులో ఓ విభాగం ఉంది. ఇక బయట అపార్ట్‌మెంటు బృందాలు, జిల్లా బృందాలు, హీరోల అభిమాన బృందాలు ఎన్నో. అలాంటి ఒకదానికి మీరు కార్యదర్శి. దాని పేరు నేను రాయను. రాస్తే మిగతావాళ్లంతా ఇది తమ గురించి కాదని సంతోషిస్తారు.

ఏళ్ల తరబడి కమిటీల్లో నలిగినవాణ్ని కాబట్టి చెబుతున్నాను. ఈ సలహాలు తు.చ. తప్పకుండా పాటిస్తే ఏడాది తిరిగేసరికి మీకు పేరొస్తుంది. ఊరు మాత్రం ఉండదు. ఆ రెండూ కావాలంటే కుదరదు.

పండగ ఎప్పుడు చేయాలి

పండగ ఏ రోజొస్తే ఆ రోజు చేయాలనేది పాతకాలపు మాట. ఇక్కడ వారాంతం శుక్ర, శనివారాలు. 2013 మే దాకా గురు, శుక్రవారాలుండేవి. కాబట్టి మన పండగలన్నీ శుక్రవారానికి జరగడం నేర్చుకున్నాయి. సంక్రాంతి వెళ్లిన వారానికి సంక్రాంతి వస్తుంది. వినాయకుడు చవితినాడు ఇళ్లలో, ఆపైన శుక్రవారం హాల్లో పుడతాడు. దేవుళ్లెవరూ అభ్యంతరం చెప్పలేదు.

చిక్కంతా ఉగాదితో వస్తుంది. 2023లో ఉగాది మార్చి 22న వచ్చింది. ఇక్కడ రంజాన్ ఉపవాసాలు ఆ మర్నాడే మొదలయ్యాయి. 2024లో ఉగాది ఏప్రిల్ 9, ఒమాన్‌లో ఈద్ ఏప్రిల్ 10. 2025లో ఉగాది మార్చి 30, ఈద్ 31. ఇందులో మాయేమీ లేదు. మనదీ వాళ్లదీ చంద్రుడి లెక్కే. చైత్రమైనా షవ్వాల్ అయినా అమావాస్య దాటాకే మొదలవుతుంది. మనం మధ్యమధ్య ఓ అధికమాసం వేసుకుని ఉగాదిని మార్చి, ఏప్రిల్ నెలలు దాటి పోనివ్వం. వాళ్లు వేసుకోరు గనక వాళ్ల నెలలు ఏటా పదకొండు రోజులు ముందుకు జరుగుతుంటాయి. అలా కొన్నేళ్లపాటు రెండు పండగలూ ఒకదాని భుజం ఒకటి రాసుకుంటూ నడుస్తాయి.

ఉపవాస వేళల్లో నలుగురిలో తినడం, తాగడం ఇక్కడి చట్టం ఒప్పుకోదు. మతం ఏదైనా సరే. అందుకని కమిటీలో ఓ పెద్దాయన, "ఈసారి పొద్దుగూకాక పెట్టుకుందాం. ఇఫ్తార్ వేళకి మన వీధిలో ఉన్న ఒమానీల ఇళ్లకి కూడా ఓ గిన్నె పులిహోర పంపుదాం" అంటాడు. ఈ మాట పైకి రానివ్వకండి. ఒక్కసారి పులిహోర పంపామంటే వాళ్లు ఖర్జూరాలు పంపుతారు. పేర్లు తెలుస్తాయి. పిల్లలు కలిసి ఆడుకుంటారు. ఇక ఆ తర్వాత "ఇక్కడివాళ్లు మనతో కలవరండీ" అని చెప్పుకోవడానికి లేకుండా పోతుంది. పెద్దాయన్ని గౌరవంగా సౌండ్ సిస్టం ఉపసంఘంలో వేయండి.

పచ్చడి గురించి ఒక్క ముక్క. మస్కట్ వీధుల్లో వేపచెట్లకు కొదవలేదు. ఉగాది నాటికి పూత వస్తుంది, నిలిపిన కార్ల మీద రాలుతుంది. ఆ పువ్వు వాడొద్దు. ఊరి నుంచి ఎండుపువ్వు తెప్పించండి, విమానం ఎక్కి వచ్చింది కాబట్టి విలువ ఎక్కువ. చాయ్ పోసే చిన్న కాగితం కప్పుల్లో కప్పుకు రెండు రేకుల చొప్పున వేసి, బెల్లం పాకం పైదాకా పోయండి. చేదు తగిలితే సభ్యత్వాలు తగ్గుతాయి. పంచాంగ శ్రవణంలో రాజపూజ్యం, అవమానం అంకెలు చదివేటప్పుడు అధ్యక్షుల వారి రాశి ముందే కనుక్కుని అవసరమైతే అంకెలు అటూఇటూ చేయించండి. చదివేది ఎటూ ఏదో కంపెనీలో పైపులు డిజైన్ చేసే ఇంజినీరే.

సభ

కార్డు మీద సాయంత్రం ఆరు అని వేయించండి. ఆరుకు ఇద్దరే వస్తారు: కుర్చీలు వేసేవాడూ, మస్కట్‌కు కొత్తగా వచ్చినవాడూ. కొత్తవాణ్ని పలకరించకండి. ఎనిమిది దాకా ఒంటరిగా ఓ మూల కూర్చుంటే అతనికే అర్థమవుతుంది.

జ్యోతి ప్రజ్వలన మీద మాత్రం శ్రద్ధ పెట్టండి. సభకంతటికీ గుండెకాయ అదే. కుందికి అయిదు ఒత్తులు. ఒత్తికొకరు చొప్పున అయిదుగురిని పిలిస్తే మిగతావాళ్లు అలుగుతారు గనక తొమ్మిది మందిని పిలవండి. ఒక్క కొవ్వొత్తి మీద తొమ్మిది చేతులు పడాలి. సరిగ్గా కుంది నెత్తిన ఏసీ గాలి కొడుతుంటుంది. మొదటి ఒత్తి వెలిగి రెండోదానికి వెళ్లేలోగా మొదటిది ఆరిపోతుంది. "ఏసీ ఆపండి" అని ఎవరో అరుస్తారు. రిమోట్ ఉన్న మనిషి కారు పార్కింగ్ కోసం వాదీలోకి, అంటే ఎండిన వాగులోకి దిగి ఉంటాడు. ఫొటోగ్రాఫర్ "సార్, ఇటు చూడండి" అంటాడు. తొమ్మిది మందీ ఆరిపోయిన దీపం దగ్గర నవ్వుతూ ఇటు చూస్తారు. మర్నాడు వాట్సాప్‌లో తిరిగేది ఆ ఫొటోయే. అందులో దీపం వెలుగుతోందా లేదా అని ఇంతవరకు ఎవరూ అడగలేదు.

పిల్లల నాట్యాలు ఎన్ని పెడితే అన్ని టికెట్లు తెగుతాయి. ఒక్కో బృందంలో ఇరవై మందిని నింపండి. ఎవరి పిల్ల నృత్యం కాగానే వాళ్లు లేచి భోజనాల దగ్గరికి పోతారు. ఆఖరి బృందం ఆడేసరికి హాల్లో ఆ పిల్లల తల్లిదండ్రులే మిగులుతారు. దీన్నే నిండైన సభ అంటారు. ఏ క్షణంలో చూసినా వచ్చినవాళ్లంతా సంబంధం ఉన్నవాళ్లే. శాలువాలు దాచి ఉంచండి. ప్లాస్టిక్ కవరు తీయకుండా కప్పితే వచ్చే ఏడాదికీ పనికొస్తాయి.

చీలిక

ఒకే ఊళ్లో ఒకే సంఘం ఉంటే ఒక్కడే అధ్యక్షుడు. ఇది అన్యాయం. 2014 జూన్ 2 మన పని సగం తేలిక చేసింది. రాష్ట్రాలు రెండయ్యాక అవతరణ దినాలూ రెండయ్యాయి. ఒకటి నవంబర్ 1, ఒకటి జూన్ 2. నవంబర్‌లో మస్కట్ చల్లబడుతుంది, ఆ వేడుకకు మనుషులొస్తారు. జూన్‌లో మాడిపోతుంది. జూన్ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం 12:30 మొదలు 3:30 వరకు కూలివాళ్లను ఎండలో నిలబెట్టకూడదని ఇక్కడ చట్టమే ఉంది. మీరు సరిగ్గా ఆ వేళకే క్రికెట్ పోటీ పెట్టి, జనం రాకపోతే "అవతలివాళ్లు రానివ్వలేదు" అని చెప్పండి.

ప్రాంతం సరిపోకపోతే కార్తీకమాసం ఉండనే ఉంది. వనభోజనాలకు శాస్త్ర ప్రకారం ఉసిరిచెట్టు కావాలి. మత్రా దగ్గరి రియామ్ పార్కులో పెద్ద సాంబ్రాణి ధూపపాత్ర ఆకారం కట్టారు గానీ ఉసిరిచెట్టు నాకు కనపడలేదు. చెట్టు దొరక్కపోయినా కులం దొరికితే చాలు, భోజనం సాగిపోతుంది. ఒకే కంపెనీలో పక్కపక్క బల్లల దగ్గర పనిచేసేవాళ్లు ఒకే పార్కులో ఒకే శుక్రవారం వేర్వేరు దుప్పట్లు పరుచుకుని ఒకే దొండకాయ వేపుడు తింటారు. మధ్యలో పిల్లల బంతి ఒక దుప్పటి మీంచి ఇంకో దుప్పటి మీదికి దొర్లుతుంది. పిల్లలకు ఇంకా తెలియదు కాబట్టి మీరు కంగారుపడక్కర్లేదు, నాలుగు కార్తీకాలు గడిస్తే తెలుస్తుంది.

ఎవరిని పిలవాలి

దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి. కార్డు కింద చిన్న అక్షరాల్లో "కుటుంబాలకు మాత్రమే" అని వేయండి. బ్యాచిలర్స్ అంటే పెళ్లికానివాళ్లనుకునేరు. ఇక్కడ ఆ మాటకు అర్థం వేరే. జగిత్యాల దగ్గర భార్యనూ ఇద్దరు పిల్లలనూ, నడుం వంగిన తల్లినీ వదిలి వచ్చి, కుటుంబాన్ని తెచ్చుకునేంత జీతం లేక, గదిలో ఒకదాని మీద ఒకటి వేసిన మంచాల్లో పైమంచం ఎక్కి పడుకునేవాడు ఇక్కడ బ్యాచిలర్. ఊళ్లో వాడికి కుటుంబం ఉంది కాబట్టే ఇక్కడికి వచ్చాడు, వచ్చాడు కాబట్టే ఇక్కడ వాడికి కుటుంబం లేదు. ఈ ముడి విప్పే పని మీ కమిటీది కాదు.

ఇలాంటివాళ్లు ఎక్కువగా ఉండేది రుసైల్, మిస్ఫా వైపు క్యాంపుల్లో. రుసైల్ నుంచి దార్సైట్‌కు సుమారు 40 కిలోమీటర్లు. వాళ్లకు శుక్రవారం ఒక్కటే సెలవు. ఆ రోజు బట్టలుతుక్కోవాలి, వంట చూసుకోవాలి, ఇంటికి వీడియో కాల్ చేయాలి. ఓ బస్సు మాట్లాడి పంపితే నలభై, యాభై మంది వస్తారు. వస్తే ఏమవుతుందో ఊహించండి. ముందు వరుస సోఫాల వెనక కూర్చుని, పాట బాగుంటే ఈలవేస్తారు. ఒగ్గుకథ తెలిసినవాడొకడు, చిందు తెలిసినవాడొకడు, డప్పు వాయించేవాడొకడు ఉంటాడు. స్టేజీ ఎక్కాడంటే మన ఇరవై మంది పిల్లల బృందాన్ని ఎవరూ చూడరు. కాబట్టి బస్సు డబ్బుతో ఎల్‌ఈడీ తెర తెప్పించండి. ఆ తెర మీద మన పల్లె అందాలు చూపించండి. పొలాలు, ఎడ్లబండ్లు, కల్లాలు, డప్పులు.

గోదావరి జిల్లాల నుంచీ కడప వైపు నుంచీ ఇళ్లల్లో పనికొచ్చిన ఆడవాళ్లున్నారు. ఖద్దామా అంటారు. చాలామందికి వారానికో సెలవైనా ఉండదు. బయటికి రావాలంటే ఆ ఇంటి అమ్మగారు ఒప్పుకోవాలి, బతాకా, అంటే నివాస కార్డు, ఎవరి దగ్గరుందో చూసుకోవాలి. గుడికి వచ్చినప్పుడు చెప్పులు విడిచేచోట నిలబడి, మనవాళ్లు తెలుగులో మాట్లాడుకుంటుంటే వింటూ ఉంటారు. మనం చూస్తే చూపు తిప్పుకుంటారు. వీళ్లకు వంట బాగా వచ్చు. అందువల్ల వంటకు పిలవండి, భోజనానికి పిలవకండి.

బతుకమ్మకు మాత్రం జాగ్రత్త. ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజులు. ఇక్కడ తంగేడు, గునుగు దొరకవు, బంతి, చామంతి కొనుక్కోవాలి. పూలు లేకపోయినా పాట తెలిసినవాళ్లుంటే బతుకమ్మ నిలబడుతుంది. ఏ ఇంట్లోనో చంటిపిల్లను ఆడించడానికి వచ్చిన ఓ నడివయసు ఆవిడ వలయంలోకి అడుగుపెట్టి గొంతెత్తిందంటే, చప్పట్లన్నీ ఆవిడ లయకు పడతాయి. మీరు పెట్టిన డీజే అనవసరమైపోతుంది. డీజేకు అడ్వాన్సు ఇచ్చేశారు కదా. వాల్యూమ్ పెంచండి.

ఇక్కడివాళ్లను చూసి నేర్చుకోకండి

ఒమానీ పల్లెలు చూడ్డానికి నిజ్వా వైపు కుటుంబంతో వెళ్తారు, వెళ్లండి. కోట చూడండి, మేకల సంత చూడండి, హల్వా కొనుక్కోండి. ఫలజ్ దగ్గర మాత్రం ఎక్కువసేపు నిలబడకండి.

ఫలజ్ అంటే కొండల అడుగు నీటిని వాలులో ఊళ్లోకి తెచ్చే కాలువ. ఇలాంటివి దేశంలో మూడు వేల దాకా ఇంకా పారుతున్నాయి. నిజ్వా దగ్గరి ఫలజ్ దారిస్‌తో కలిపి అయిదింటిని 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. నీరు ఊళ్లోకి రాగానే మొదట తాగడానికి పట్టుకునే చోటు ఉంటుంది. అక్కడ ధనికుడూ పేదా, ఊరివాడూ బాటసారీ ఎవరైనా పట్టుకోవచ్చు. ఆ తర్వాతే తోటలకు వాటాలు. వాటా అంటే ఇన్ని బిందెలని కాదు, ఇంతసేపని. పగలు నీడగడియారం చూసి, రాత్రి చుక్కలు చూసి వంతులు మార్చుకునేవాళ్లు. లెక్క చూడటానికి ఒక వకీల్ ఉంటాడు. కొన్ని వాటాలు వేలం వేసి ఆ డబ్బుతో కాలువ మరమ్మతు చేస్తారు. అందరి ఎదుటా వేలం, అందరి ఎదుటా లెక్క.

ఈ పద్ధతిలో ఉన్న లోపం మీకు వెంటనే తెలిసిపోయి ఉంటుంది. అధ్యక్షుడి తోటకు ముందు నీరు పెట్టే ఏర్పాటు ఎక్కడా లేదు.

సబ్లా ఇంకా ప్రమాదం. ఊరందరిదీ ఒక పెద్ద గది; పెళ్లి మాటలైనా, చావు పరామర్శలైనా, పొలం తగవులైనా అక్కడే. ఇలా కూర్చునే మజ్లిస్ సంప్రదాయాన్ని కూడా 2015లో ఒమాన్, ఎమిరేట్స్, సౌదీ, ఖతార్ పేర్ల మీద యునెస్కో గుర్తించింది. గోడల వెంట దిండ్లు, మధ్యలో ఖర్జూరాలు, కహ్వా అనే కాఫీ. పోసేవాడు ఎడమచేత్తో దల్లా కూజా పట్టుకుని కుడిచేత్తో చిన్న ఫింజాన్ కప్పు అందిస్తాడు. అడుగున రెండు గుక్కలే పోస్తాడు. తాగి ఊరికే తిరిగిస్తే మళ్లీ పోస్తాడు. చాలనుకుంటే కప్పును వేళ్ల మధ్య అటూఇటూ కాస్త ఆడించి ఇవ్వాలి. ఎవరూ మైకు అడగరు. ఎవరినీ వేదిక మీదికి పిలవరు, వేదికే లేదు గనక. ముఖ్య అతిథి అంటూ వేరే ఉండడు, గుమ్మం తొక్కినవాడే అతిథి. ఇలాంటి చోట శాలువాలు ఎలా ఖర్చవుతాయి? మన పాత రచ్చబండలూ ఇలాగే ఉండేవి, అందుకే పోయాయి.

కష్టం వచ్చినప్పుడు

ఎప్పుడో ఒక రాత్రి మీ ఫోన్ మోగుతుంది. ఫలానా క్యాంపులో మనవాడొకడు నిద్రలో పోయాడంటారు. లేదా భవనం మీద నుంచి పడ్డాడంటారు. అవతల గొంతు వణుకుతుంటుంది, ఏం చేయాలో తెలియని ఇరవై ఏళ్ల కుర్రాడి గొంతు. మీరు "అలాగా పాపం, గ్రూపులో పెడతాను" అనండి. పెట్టండి. నూట ఎనభై మంది చేతులు జోడించిన బొమ్మలు పెడతారు. అంతటితో సంఘం బాధ్యత తీరిపోయింది.

ఇంతకు మించి దిగితే ఎంత పని ఉందో తెలుసా? పోలీసు కాగితం తీసుకోవాలి, మరణ ధ్రువపత్రం తీసుకోవాలి. కంపెనీ వాళ్లతో జీతం బకాయి, టికెట్ ఖర్చు తేల్చాలి. పాస్‌పోర్టు రద్దుకూ, అనుమతి పత్రానికీ రాయబార కార్యాలయానికి వెళ్లాలి. దేహం చెడకుండా మందు పెట్టించాలి, హైదరాబాద్ విమానంలో కార్గో చోటు చూడాలి. శంషాబాద్ నుంచి ఊరిదాకా తెలంగాణ ప్రభుత్వం ఉచితంగా అంబులెన్సు ఇస్తుందని ఎవరికో తెలుసు, ఆ ఎవరో మీరైతే అడగాలి. కష్టంలో పడ్డవాళ్ల కోసం 2009లో కేంద్రం పెట్టిన సంక్షేమ నిధి రాయబార కార్యాలయాల చేతుల్లో ఉంటుంది, దానికి అర్జీ రాయాలి. గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు అయిదు లక్షలిస్తామని తెలంగాణ 2024లో ఉత్తర్వు ఇచ్చింది. ఆ ఊళ్లోని భార్యకు ఆ మాట చేరవేయాలి, ఏ కాగితాలు పట్టుకుని ఏ ఆఫీసుకు పోవాలో చెప్పాలి. ఇన్ని చేసినా ఒక్క ఫొటో ఉండదు. శవపేటిక పక్కన నవ్వలేం కదా.

దీనికోసమే తిరిగేవాళ్లు ప్రతి తెలుగు గుంపులోనూ నలుగురైదుగురు ఉంటారు. డ్యూటీ దిగి నేరుగా ఆసుపత్రికి పోతారు. మీ కార్యవర్గ జాబితాలో వాళ్ల పేర్లు కనిపించవు. అలాగే ఉంచండి. బతికున్నవాళ్ల జీతం తగాదాలకు ఎంబసీ వాళ్లు పెట్టే ఓపెన్ హౌస్ ఉంది; ఆ కబురును గ్రూపులో మీరు పెట్టిన గుడ్ మార్నింగ్ గులాబీల కింద పూడ్చేయండి. "అడ్మిన్లు మాత్రమే రాయగలరు" అన్న మీట నొక్కి ఉంచితే ఇంకా ప్రశాంతంగా ఉంటుంది.

డబ్బు

చందాల పుస్తకం పట్టుకుని బయల్దేరండి. ప్రభుత్వ అనుమతి లేకుండా నిధులు పోగుచేయడం ఇక్కడ నేరమనీ, పద్ధతిగా రిజిస్టరైన సంస్థ ద్వారానే చేయాలనీ కోశాధికారి గొణుగుతాడు. అతనికి ధైర్యం చాలదు. మన ఊళ్లో వినాయకుడికి రోడ్డుకు అడ్డంగా తాడు కట్టి వసూలు చేసినవాళ్లం మనం. రాయల్ ఒమాన్ పోలీసులకు ఆ ఆచారం వివరించే అవకాశం మీకే దక్కాలి.

ఖర్చు లెక్కలు రియాళ్లలో చెప్పకండి, రూపాయల్లోనూ చెప్పకండి. బైసాల్లో చెప్పండి. రియాలుకు వెయ్యి బైసాలు కాబట్టి అంకె పెద్దదై ఎవరికీ ఎక్కదు. మిగులు ఎంతని అడిగితే "వచ్చే కార్యక్రమానికి ఉంచాం" అనాలి. లోటు ఎంతని అడిగితే "నా జేబులోంచి వేశాను" అనాలి. ఈ రెండూ ఒకే సభలో అనకూడదు. అక్కడే చాలామంది దొరికిపోతారు.

వందన సమర్పణ

హాలు ఖాళీ చేయమని కాపలాదారు రెండుసార్లు వచ్చి చూసి వెళ్లాక దీన్ని మొదలుపెట్టండి. ముందు ముఖ్య అతిథి, ఆయన సతీమణి, స్పాన్సర్లు, స్పాన్సర్ల మేనేజర్లు. తర్వాత రాలేకపోయిన ముఖ్య అతిథి. తర్వాత మీ సంఘం మాజీ అధ్యక్షులు వరుసగా. చీలిపోయిన వర్గం వాళ్లను "పెద్ద మనసుతో" అంటూ చదవండి, పుండు మీద కారం సరిగ్గా పడుతుంది. ఈలోగా వెనక వరుసల్లో కుర్చీలు మడుస్తున్న చప్పుడు మొదలవుతుంది. వాళ్లు సాయంత్రం నాలుగు నుంచీ అక్కడే ఉన్నారు. బియ్యం బస్తాలు మోసిందీ, వైర్లు లాగిందీ, చెత్త ఎత్తిందీ వాళ్లే. వాళ్ల పేర్లు మాత్రం మైకులో చదవకండి. చదివితే జనం చప్పట్లు కొడతారు, వచ్చే ఎన్నికల్లో వాళ్లే నిలబడతారు.